పదేళ్ల ల్యాప్‌టాప్‌ను పారేయకండి, ముందు డిస్క్ మార్చండి

ప్రశ్న: మాది తెనాలి. ఇంట్లోనే డీటీపీ పని చేస్తాను. శుభలేఖలు, కరపత్రాలు, రెండు ప్రైవేటు స్కూళ్ల ప్రశ్నపత్రాలు నా దగ్గరే తయారవుతాయి. ల్యాప్‌టాప్ 2015లో కొన్నది. ఐదో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 10. పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు టైపు చేసే అను స్క్రిప్ట్ మేనేజర్ అందులోనే ఉన్నాయి. వాటిని ఎక్కించిన అబ్బాయి ఇప్పుడు ఊళ్లో లేడు, సీడీలూ దొరకడం లేదు. ఆన్ చేశాక పని మొదలుపెట్టడానికి పది నిమిషాలు పడుతోంది. పేజ్‌మేకర్ తెరిస్తే బిగుసుకుపోతుంది. రిపేరు షాపులో ‘దీని పనైపోయింది, కొత్తది కొనుక్కోండి’ అన్నారు. హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదువుతున్న మా తమ్ముడు విండోస్ బదులు లినక్స్ వేసుకోమంటాడు. ఇంకొకరు ర్యామ్ పెంచమన్నారు. విండోస్ 10 ఆగిపోతుందని వాట్సాప్‌లో ఒకటే మెసేజ్‌లు. యూట్యూబ్ చూసి నేనే విప్పి బాగుచేసుకోగలనా? స్క్రూడ్రైవర్ పట్టాలంటే టెన్షన్‌గానే ఉంది.
– ఒక పాఠకురాలు

సమాధానం: చేసుకోగలరు. మీరు రాసిన లక్షణాలన్నీ పాత హార్డ్‌డిస్క్ వైపే వేలు చూపిస్తున్నాయి. అది నిజమైతే మొత్తం మిషన్‌ను పారేయాల్సిన అవసరం లేదు. అయితే విప్పడం కంటే విప్పే ముందు చేసే పనులే ముఖ్యం. మీ జీవనాధారం అందులో ఉంది, ఆ పేజ్‌మేకర్‌ను మళ్లీ ఎక్కించుకునే వీలు కూడా మీకు లేదు. కాబట్టి పాత డిస్క్‌లో ఉన్నదంతా ఉన్నదున్నట్టు కొత్త ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ బదులు వాడే వేగమైన డిస్క్) మీదకు దించుకోవాలి. దీన్నే క్లోనింగ్ అంటారు. విండోస్ కొత్తగా వేయించడం, లినక్స్‌కు మారడం మీ విషయంలో వద్దు.

ముందు రోగం అదేనో కాదో మీరే చూసుకోండి. ల్యాప్‌టాప్ నత్తనడక నడుస్తున్న సమయంలోనే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. చిన్న కిటికీ వస్తే కింద ‘మోర్ డీటెయిల్స్’ నొక్కాలి. సీపీయూ, మెమరీ, డిస్క్ అని పక్కపక్కనే శాతాలు కనిపిస్తాయి. సీపీయూ ఇరవై ముప్ఫై దగ్గర ఆడుతూ, డిస్క్ మాత్రం 100 శాతం దగ్గర కదలకుండా కూర్చుంటే నా అనుమానం నిజమే. డిస్క్ శాతం తక్కువగా ఉండి సీపీయూ 100 చూపిస్తుంటే మాత్రం కథ వేరు. వైరస్ కావచ్చు, లోపల దుమ్ము పేరుకుని వేడెక్కుతూ ఉండొచ్చు. అప్పుడు ఎస్‌ఎస్‌డీకి డబ్బు పెట్టకండి.

ల్యాప్‌టాప్ హార్డ్‌డిస్క్‌లో నిమిషానికి సాధారణంగా 5400 సార్లు తిరిగే పళ్లెం ఉంటుంది. దాని మీద చదివే చేయి కావాల్సిన చోటికి జరగాలి, ఆ చోటు తిరిగి తన కిందికి వచ్చేదాకా ఆగాలి, అప్పుడు చదవాలి. ఒక్కో కాగితం కోసం గుమాస్తా లేచి బీరువా దాకా వెళ్లొచ్చినట్టు ఉంటుంది ఆ పని. సెకనుకు వంద చోట్ల నుంచి చదవడమే దానికి గగనం. విండోస్ లేచేటప్పుడు వేల కొద్దీ చిన్న ఫైళ్లు అడుగుతుంది. ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగమే లేదు కనుక సెకనుకు వేలు, పదివేల చోట్ల నుంచి కూడా చదివేస్తుంది. పాత మిషన్‌లో ఎస్‌ఎస్‌డీ వేయగానే అంత తేడా కనిపించేది అందుకే.

ఆ తర్వాత డిస్క్ ఆరోగ్యం చూడండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. తెరవగానే ‘గుడ్’, ‘కాషన్’, ‘బ్యాడ్’ అని ఏదో ఒకటి చూపిస్తుంది. గుడ్ అని ఉంటే నిదానంగా ముందుకెళ్లొచ్చు. కాషన్ అని పసుపు రంగులో కనిపిస్తే ఈ ఉత్తరం పక్కన పెట్టి ఆ రోజే ఫైళ్లన్నీ వేరే చోటికి కాపీ చేసుకోండి. చదవలేని సెక్టార్లు (డేటా దాచే చిన్న గడులు) మొదలైన డిస్క్ ఎప్పుడు పూర్తిగా ఆగిపోతుందో ఎవరూ చెప్పలేరు.

డిస్క్ బాగున్నా సరే, క్లోనింగ్‌కు ముందు మీ పని ఫైళ్లకు వేరే కాపీ తప్పనిసరి. పేజ్‌మేకర్ 7 ఫైళ్ల చివర పీఎండీ అని, 6.5 ఫైళ్ల చివర పీ65 అని ఉంటుంది. ఆ రెండు పేర్లతో వెతికితే డెస్క్‌టాప్ మీద, డౌన్‌లోడ్స్‌లో, ఎక్కడెక్కడో దాక్కున్నవన్నీ బయటపడతాయి. వాటితో పాటు చాలామంది మరిచిపోయేది ఫాంట్లు. సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్, అందులో ఫాంట్స్ ఫోల్డర్ తెరిచి అను ఫాంట్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడిగా ఉండే అక్షరాల పద్ధతి)వి కావు. ఇంగ్లిష్ అక్షరాలకు కేటాయించిన స్థానాల్లో తెలుగు రూపాలను కూర్చి తయారుచేసినవి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే మీరు కొట్టిన మ్యాటరంతా పిచ్చి గీతల్లా కనిపిస్తుంది. అందుకే ఫైలు ఎంత ముఖ్యమో ఫాంటూ అంతే ముఖ్యం. ఖాయమైన డిజైన్లన్నింటికీ ఒక పీడీఎఫ్ కూడా తీసి పెట్టుకోండి. పీడీఎఫ్‌లో ఫాంటు లోపలే ఇమిడిపోతుంది కాబట్టి రేపు ఏ మిషన్‌లోనైనా ప్రింటు తీసుకోవచ్చు.

ఇక కొనే సంగతి. మీ ల్యాప్‌టాప్ వయసును బట్టి దానికి పట్టేది 2.5 అంగుళాల సాటా (పాత హార్డ్‌డిస్క్ తగిలించే కనెక్టర్ రకమే) ఎస్‌ఎస్‌డీ. షాపులో ఎన్‌వీఎంఈ అని, ఎం.2 అని సన్నటి చీలికల్లాంటివి చూపిస్తారు. వేగం ఎక్కువే కానీ ఆ కాలపు ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి అవి పట్టవు. సాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకు 500 ఎంబీ పైచిలుకు చదువుతుంది, శుభలేఖల పనికి అది చాలా ఎక్కువ.

సైజు దగ్గర ఒక చిక్కుంది, దాన్ని జాగ్రత్తగా గమనించండి. మీ పాత డిస్క్ 500 జీబీ. షాపుల్లో 480 జీబీ ఎస్‌ఎస్‌డీ ఎక్కువగా దొరుకుతుంది, రెండూ ఒకటేలే అనుకుని తీసుకుంటారు. ఆ 20 జీబీ తక్కువైనందుకే క్లోన్‌జిల్లా లాంటి సాఫ్ట్‌వేర్ ‘కొత్త డిస్క్ చిన్నది’ అని మామూలు పద్ధతిలో క్లోనింగ్‌కు ఒప్పుకోదు. 500 లేదా 512 జీబీది తీసుకుంటే ఆ గొడవే ఉండదు. 240 జీబీ, 480 జీబీ తీసుకోవాల్సి వస్తే క్రూషియల్, వెస్టర్న్ డిజిటల్, శాంసంగ్ వంటి కంపెనీలు తమ ఎస్‌ఎస్‌డీలతో ఉచితంగా ఇచ్చే క్లోనింగ్ సాఫ్ట్‌వేర్ వాడండి. పాత డిస్క్‌లో వాడిన చోటు కొత్తదాంట్లో పట్టినంత వరకు అవి తమంతట తామే సర్దేస్తాయి. నేనైతే మీకు 500 జీబీదే చెబుతాను. మొదటిసారి చేసేటప్పుడు ఎన్ని మలుపులు తగ్గితే అంత మంచిది.

బిల్లు, వారంటీ లేకుండా ఎస్‌ఎస్‌డీ కొనకండి. సెకండ్‌హ్యాండ్ అసలొద్దు. ఆన్‌లైన్‌లో నమ్మలేనంత తక్కువ ధరకు 2 టీబీ, 4 టీబీ అని ప్రకటించేవి చాలావరకు మోసమే. లోపల చిన్న మెమరీ కార్డు పెట్టి పెద్ద సైజు చూపించేలా చేస్తారు. నింపుతూ పోయాక పాత ఫైళ్లు పాడవుతాయి. పేరున్న కంపెనీది తీసుకోండి. ఎస్‌ఎస్‌డీతో పాటు సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్ ఒకటి, చిన్న ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ ఒకటి కావాలి. సున్నా, డబుల్ సున్నా నంబర్లున్న చిన్న సెట్ దొరుకుతుంది. వంటింటి కత్తి మొనతో, గడియారం రిపేరు మొండి స్క్రూడ్రైవర్‌తో తిప్పితే స్క్రూ తల అరిగిపోతుంది, అది తిరగక పని అక్కడే ఆగిపోతుంది.

క్లోనింగ్ ల్యాప్‌టాప్ విప్పకుండానే జరుగుతుంది. కొత్త ఎస్‌ఎస్‌డీని కేబుల్‌తో నీలం రంగు నాలుక ఉన్న యూఎస్‌బీ పోర్టుకు తగిలించండి. చార్జర్ పెట్టే ఉంచండి, కరెంటు పోయే వేళల్లో మొదలుపెట్టకండి. సాఫ్ట్‌వేర్ రెండు డిస్కులు చూపిస్తుంది. ఒకటి సోర్స్, అంటే మీ పాతది. రెండోది టార్గెట్, అంటే కొత్తది. ఈ మొత్తం పనిలో మీ ఫైళ్లకు నిజంగా ప్రమాదం ఉన్న క్షణం ఇదొక్కటే. అటుది ఇటు పెడితే ఖాళీ డిస్క్ వచ్చి మీ పాత డిస్క్ మీద కూర్చుంటుంది, పదేళ్ల పని తుడిచిపెట్టుకుపోతుంది. డిస్కుల పేర్లు, మోడల్ నంబర్లు కాగితం మీద రాసుకుని, తెర మీద ఉన్నదానితో పోల్చి చూసుకున్నాకే ‘స్టార్ట్’ నొక్కండి. ఎదురుగా ఇంకొకరిని కూర్చోబెట్టుకుని వాళ్ల చేత చదివించండి. వీడియో కాల్‌లో మీ తమ్ముడైనా పరవాలేదు. సగం నిండిన డిస్క్‌కు గంట రెండు గంటలు పట్టొచ్చు, డిస్క్ బలహీనంగా ఉంటే ఇంకా ఎక్కువ. మధ్యలో ఆగిపోయినట్టు కనిపించినా కేబుల్ లాగకండి.

అయ్యాక ల్యాప్‌టాప్‌ను షట్‌డౌన్ చేసి, కేబుల్ తీసేయండి. ఇప్పుడు విప్పడం.

యూట్యూబ్‌లో ‘మీ ల్యాప్‌టాప్’ అని కాకుండా, అడుగున స్టిక్కర్ మీద ఉన్న పూర్తి మోడల్ నంబరుతో వెతకండి. ఒకే కంపెనీ, ఒకే ఏడాది మోడళ్లలోనూ విప్పే తీరు మారిపోతుంది. కొన్నింటికి హార్డ్‌డిస్క్ ఉన్నచోట అడుగున చిన్న మూత ఉంటుంది, రెండు స్క్రూలతో పనైపోతుంది. కొన్నింటికి అడుగు మొత్తం ఊడాలి. రబ్బరు కాళ్ల కింద, డీవీడీ డ్రైవ్ తీశాక కనిపించే సందులో కూడా స్క్రూలు దాగి ఉంటాయి. కొన్నింటికి ముందు కీబోర్డు లేపాలి. వీడియో ఒకసారి మొత్తం చూశాకే స్క్రూడ్రైవర్ పట్టండి. కీబోర్డు లేపాల్సిన మోడల్ అయితే దాని కింద పట్టీలాంటి రిబ్బన్ కేబుల్ ఉంటుంది. దాన్ని లాగకూడదు. అది దూరిన చోట సన్నటి ప్లాస్టిక్ గడియ ఉంటుంది, గోటితో దాన్ని పైకి లేపితే కేబుల్ తనంతట తనే వదులవుతుంది. ఆ గడియ విరిగితే మాత్రం అతికించడం కష్టం, అందుకని అలాంటి మోడల్ అని తేలితే షాపుకు తీసుకెళ్లడమే మంచిదని నా అభిప్రాయం. క్లోన్ చేసిన ఎస్‌ఎస్‌డీ చేతిలో పెట్టి ‘ఇది బిగించి ఇవ్వండి, ఫార్మాట్ వద్దు’ అని చెబితే సరిపోతుంది.

చార్జర్ తీసి, బ్యాటరీ బయటికి వచ్చే రకమైతే అదీ తీసేసి, పవర్ బటన్‌ను పది పదిహేను సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంటు దిగిపోతుంది. బ్యాటరీ లోపల ఉండే రకమైతే అడుగు తీయగానే మొదట దాని కనెక్టర్ ఊడదీయాలి. బ్యాటరీ ఉబ్బి కనిపిస్తే ఇంకేం ముట్టుకోకుండా షాపులో మార్పించుకోండి, దాన్ని పొడిచినా వంచినా మంటలు రావచ్చు. పరుపు మీద, పట్టు దుప్పటి మీద పని పెట్టుకోకండి. చెక్క బల్ల మేలు. మొదలుపెట్టే ముందు ఇనుప కిటికీ చువ్వ లాంటిది ముట్టుకుంటే ఒంట్లోని స్టాటిక్ కరెంటు పోతుంది.

స్క్రూల విషయంలో ఇలా చేయండి. తెల్లకాగితం మీద ల్యాప్‌టాప్ అడుగు బొమ్మ గీసి, ఏ చోటి స్క్రూని ఆ చోటే టేపుతో అంటించండి. ఎందుకంటే అన్నీ ఒకే పొడుగు ఉండవు. పొట్టి స్క్రూ పోవాల్సిన చోట పొడుగుది బిగిస్తే అది పైకి పొడుచుకొచ్చి, మీరు చేతులు ఆనించే చోట బొడిపె లేస్తుంది. ఇంకా లోపలికి పోతే బోర్డుకే తగలొచ్చు. మూత లేపడానికి పాత ఏటీఎం కార్డు అంచు చాలు. అంచు వెంట జరుపుతూ వస్తే ‘టక్ టక్’మని గడియలు విడిపోతాయి. ఎక్కడైనా రాకపోతే బలం పెట్టకండి, అక్కడ ఇంకో స్క్రూ మిగిలి ఉందని అర్థం.

హార్డ్‌డిస్క్ ఒక లోహపు ఫ్రేమ్‌లో ఉంటుంది. ఫ్రేమ్‌తో సహా పక్కకు జరిపితే కనెక్టర్ నుంచి ఊడుతుంది. ఫ్రేమ్ నాలుగు స్క్రూలు తీసి అందులో ఎస్‌ఎస్‌డీ పెట్టి మళ్లీ బిగించండి. ఎస్‌ఎస్‌డీలు 7 మిల్లీమీటర్ల మందం ఉంటాయి, పాత డిస్కుల్లో కొన్ని 9.5 ఉంటాయి. ఫ్రేమ్‌లో బిగిస్తే ఆ తేడా పెద్దగా తెలియదు. ఫ్రేమ్ లేని మోడల్‌లో కదలకుండా ఎస్‌ఎస్‌డీ పెట్టెలో వచ్చే ప్లాస్టిక్ చట్రం అంటించుకోవచ్చు.

మూత తెరిచి ఉండగానే ఫ్యాన్ దుమ్ము దులపండి. మెత్తటి పెయింటింగ్ బ్రష్ చాలు. ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకుని దులపాలి, ఊది గిరగిరా తిప్పకూడదు. ప్రాసెసర్ వేడిని బయటికి పంపేందుకు పూసే థర్మల్ పేస్ట్ మార్చడం ఈసారికి వద్దు. దానికి వేడిని లాగే లోహపు భాగం, హీట్‌సింక్ మొత్తం ఊడదీయాలి, మీ సమస్య అది కాదు.

ర్యామ్ గురించి మీకు చెప్పినవాళ్లు తప్పు చెప్పలేదు, వరుస మాత్రం మారాలి. డిస్క్ మార్చకుండా ర్యామ్ మాత్రమే పెంచితే ఆన్ అయ్యే పది నిమిషాలు పెద్దగా తగ్గవు. డిస్క్ మార్చాక క్రోమ్, వాట్సాప్ వెబ్, పేజ్‌మేకర్ ఒకేసారి తెరిచినప్పుడు 4 జీబీ ఇరుకనిపిస్తే అప్పుడు 8కి పెంచండి. టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్, అందులో మెమరీ నొక్కితే ‘స్లాట్స్ యూజ్డ్’ అని ఉంటుంది. రెండింట్లో ఒకటి ఖాళీగా ఉంటే ఇంకో 4 జీబీ చేర్చితే చాలు. మీ ఐదో తరం ప్రాసెసర్‌కు కావాల్సింది డీడీఆర్3ఎల్, 1.35 వోల్టులది. చివరి ‘ఎల్’ లేని మామూలు డీడీఆర్3 1.5 వోల్టులది, అది పెడితే ఆన్ కాకపోవచ్చు. డీడీఆర్4 అసలు దూరదు. ర్యామ్ మాత్రం సెకండ్‌హ్యాండ్‌ది తీసుకోవచ్చు, అది వాడకంతో అరిగే వస్తువు కాదు. మీ తమ్ముడు హైదరాబాద్‌లోనే ఉన్నాడు కాబట్టి సికింద్రాబాద్‌లో చినాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అనే చోటుకు పాత ర్యామ్ ఫోటో తీసుకుని వెళ్లమనండి. ముందే పెట్టి చూపించమని అడగాలి.

లినక్స్ మీద మీ తమ్ముడికున్న ఇష్టం నాకూ ఉంది. లినక్స్ మింట్ పాత మిషన్‌లలో చక్కగా నడుస్తుంది, డబ్బు అక్కర్లేదు. చదువుకునే పిల్లలకైతే అదే చెబుతాను. కానీ పేజ్‌మేకర్, అను రెండూ విండోస్ కోసం చేసినవి. ముహూర్తాల సీజన్‌లో రేపు ఉదయానికి ప్రూఫ్ ఇవ్వాల్సిన మీరు వాటితో ప్రయోగాలు చేయలేరు.

విండోస్ 10 సంగతి: మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అంటే కొత్త భద్రతా అప్‌డేట్లు ఆగాయి, అంతే గానీ ఆ రోజు నుంచి ఏ కంప్యూటరూ ఆగిపోలేదు. ఇళ్లలో వాడేవాళ్లకు 2026 అక్టోబర్ 13 వరకు అప్‌డేట్లు పొడిగించుకునే పథకం ఇచ్చారు. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలో దాని లింకు కనిపిస్తే నమోదు చేసుకోండి. విండోస్ 11కు ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసర్ నుంచే అధికారికంగా అనుమతి, కాబట్టి మీ మిషన్‌కు అది రాదు. ఎవరో అడ్డదారిన ఎక్కిస్తామంటే ఒప్పుకోకండి. దీన్ని డీటీపీకే ఉంచుకుని, బ్యాంకు పనులు ఫోన్‌లో చేసుకోండి. మీలాంటి పనిలో వైరస్ ఎక్కువగా వచ్చేది కస్టమర్లు తెచ్చే పెన్‌డ్రైవ్‌ల నుంచి. మ్యాటర్, ఫోటోలు వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో పంపమని చెప్పడం అలవాటు చేయండి. పెన్‌డ్రైవే తెస్తే దాని మీద రైట్ క్లిక్ చేసి, విండోస్‌లోనే ఉండే డిఫెండర్‌తో స్కాన్ చేశాకే తెరవండి.

ఇదంతా ఆషాఢమో మూఢమో వచ్చి శుభలేఖల పని పలచబడినప్పుడు పెట్టుకోండి. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి అయిపోతుంది. ఎస్‌ఎస్‌డీతో ఆన్ చేశాక మొదట పేజ్‌మేకర్ తెరిచి, పాత శుభలేఖ ఒకటి తీసి, ఒక ప్రింటు ఇచ్చి చూడండి. అను లైసెన్సు అడిగినా, ఇంకేదైనా మొరాయించినా కంగారు పడకండి. పాత డిస్క్ చెక్కుచెదరకుండా మీ చేతిలోనే ఉంది. దాన్ని మళ్లీ బిగిస్తే నిన్నటి ల్యాప్‌టాప్ నిన్నటిలాగే తిరిగొస్తుంది. అందుకే ఈ పని మీరే చేసుకోవచ్చని అంత ధైర్యంగా చెప్పగలిగాను.

ఆ పాత డిస్క్‌ను ఓ నెల రోజులు కదపకుండా బీరువాలో ఉంచండి. అన్నీ సవ్యంగా నడుస్తున్నాయని నమ్మకం కుదిరాక, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో గుడ్ అని వచ్చిన డిస్కే అయితే ఒక యూఎస్‌బీ కేస్‌లో పెట్టి వారానికోసారి పని ఫైళ్లు కాపీ చేసుకోవడానికి వాడుకోండి. కాషన్ అని వచ్చి ఉంటే దాన్ని నమ్మొద్దు, బ్యాకప్‌కు వేరే డిస్క్ కొనుక్కోండి. కేస్ కొనేటప్పుడు 9.5 మిల్లీమీటర్ల డిస్క్ పడుతుందో లేదో అడిగి తీసుకోండి, కొన్నింటిలో 7 మిల్లీమీటర్లవే దూరతాయి.